సుబ్బారావు గారి భాస్వరం

ఈ ఏటి సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంఘ కార్యదర్శి అడిగినప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద రాస్తానన్నాను. ఆయన మీద ఇదివరకే చాలామంది రాశారు కదండీ అని కార్యదర్శి కాస్త నసిగాడు. నిజమే, రాశారు. కానీ ఆ రాసినవన్నీ ఇంచుమించు ఒకే బాణీలో సాగుతాయి. పేదరికం, ఖద్దరు, అమెరికా, మందులు, చివరికి రాని నోబెల్ బహుమానం. చదివినవాడు అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఆ అయ్యో పాపం నాకు చాలదు. సుబ్బారావు గారు 1929లో కండరంలో చూసిన పదార్థం ఆయన ఊహించని చోట, ఒక వైరస్ తన డి.ఎన్.ఏ.ను డబ్బాలో కూరి కొలతకు కత్తిరించే చోట, ఏం పని చేస్తున్నదో చెప్పకుండా ఆయన కథ పూర్తయిందంటే నేను ఒప్పుకోను. రసాయన శాస్త్రం చదవని మిత్రులు కంగారుపడనక్కర లేదు. మన రేవునూ, మన ఉక్కు కర్మాగారాన్నీ చూసినవాడికి ఇది అర్థం కాకపోదు.

ముందు ఆయన పుట్టుపూర్వోత్తరాలు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. కుర్రవాడికి చదువు మీద దృష్టి అంతంత మాత్రం. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు చేసుకుందామని ఇంట్లో చెప్పకుండా బయల్దేరితే తల్లి వెనక్కు పట్టి తెప్పించిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు వెళ్ళి హిందూ హైస్కూల్లో చదివితేనే. పరీక్ష తప్పిన వాళ్ళకు ఈ వాక్యం రెండుసార్లు చదువుకునే హక్కు కలదు.

ప్రెసిడెన్సీ కాలేజీ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నారు గాని, చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో తేలారు. ఆ ఖర్చు భరించినవారిలో ముఖ్యుడు మామగారు, అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి సైతం ఖద్దరు తొడుక్కుని వెళ్ళేవారట. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపు అయింది. రాతపరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. డిగ్రీ చేతికి రాలేదు, దానికి తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపారు. బతుకుతెరువుకు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పారు.

అప్పటికే ఆ ఇంట్లో పెద్ద దెబ్బ తగిలి ఉంది. అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి కళ్ళముందే ఆరిపోతాడు. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పట్టుదలే ఆయనను సముద్రం దాటించింది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాగ్దానం, మామగారు పోగుచేసిన డబ్బు, ఇవే ఆధారం. 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగారు. భార్య ఇక్కడే ఉండిపోయింది.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపు పళ్ళేలు కడిగారు. డాక్టరు చదువు చదివినవాడు! తరవాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర చేరారు. ఇక్కడ కాస్త ఆగుదాం. సుబ్బారావు గారి అసలు ప్రతిభ మందుల్లో కన్నా ముందు ఇక్కడ, ఒక గాజు గొట్టంలో కనిపిస్తుంది.

రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫేట్, అంటే భాస్వరపు లవణం, ఎంతుందో కొలవాలి. అప్పటికి ఉన్న పద్ధతులు ఆలస్యం, పైగా నమ్మకం తక్కువ. ఫిస్క్, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతిలో ద్రావణానికి ఆమ్లంతో పాటు అమోనియం మాలిబ్డేట్ కలిపి, ఆపైన అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరుస్తారు. నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే రంగు అంత చిక్కన. అంతే! ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన పత్రాలలో అదొకటి. వాల్తేరు కొండ మీద మా రోజుల్లో ప్రాక్టికల్ రికార్డులో ఫిస్క్-సుబ్బారో పద్ధతి అని రాసుకునేవాళ్ళం. అందులో రెండో పేరు గోదావరి జిల్లా వాడిదని చాలామందికి తట్టేది కాదు, ఎవడో దొర అనుకునేవారు. సుబ్బారో అని అమెరికా యాసలో పలికితే ఎవరికి మాత్రం తెలుస్తుంది?

ఆ నీలిరంగే తరవాతి గుట్టు విప్పింది. కండరం నుంచి తీసిన రసంలో ఫాస్ఫేట్ కొలుస్తుంటే రంగు ఒక్కసారిగా వచ్చి ఆగటం లేదు. నెమ్మదిగా చిక్కబడుతూ పోతోంది. ఇంకొకడైతే పరికరం బాగాలేదనో, మందు పాతదనో వదిలేసేవాడు. వీళ్ళు వదల్లేదు. ఆ రసంలో ఏదో పదార్థం భాస్వరాన్ని పట్టుకుని ఉండి, ఆమ్లం తగిలాక కొద్దికొద్దిగా విడుస్తున్నదని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అంతకు ముందు హిల్, మేయర్‌హాఫ్ అనే పండితులకు కండర శాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చి ఉంది. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పట్లో అందరి నమ్మకం. ఈ కొత్త పదార్థం రావటంతో ఆ సిద్ధాంతం కింద నేల కదిలింది.

1929లో ఇంకొకటి. మూడు ఫాస్ఫేట్‌లు వరసగా తగిలించుకున్న అడినోసిన్, పొట్టిగా ఏ.టి.పి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని పట్టుకున్నాడు. ఎవరు ముందు అన్న పేచీలోకి నేను దిగను, ఇద్దరూ నిజాయితీగా చేసిన పనే. ఏ.టి.పి. జీవకణానికి చిల్లర డబ్బు వంటిది. తిన్న అన్నం, పీల్చిన గాలి అన్నీ చివరికి ఈ చిల్లరగా మారాలి. చివరి ఫాస్ఫేట్ ఊడిపోయినప్పుడు వచ్చే శక్తితో కణం పని చేస్తుంది. ఇది చిల్లర అన్న సంగతి స్పష్టంగా తేలింది తరవాత, 1941లో లిప్‌మన్ రాసిన వ్యాసంతో. సుబ్బారావు గారికి 1930లో డాక్టరేటు వచ్చింది.

ఇప్పుడు కండరం వదిలి బాక్టీరియాలోకి వెళదాం. బాక్టీరియాకూ చీడ పడుతుంది. ఆ చీడ పేరు బాక్టీరియోఫేజ్, అంటే బాక్టీరియాను తినే వైరస్. అందులో టి-4 అనేది మన పేగుల్లో ఉండే ఇ.కోలై మీద పడుతుంది. దీనికి ఒక తల, ఒక తోక. తల అంటే ప్రోటీన్‌తో చేసిన ఖాళీ పెట్టె, దాని పొడవు 120 నానోమీటర్లు. ఆ పెట్టెలో పట్టవలసిన డి.ఎన్.ఏ. పొడవు దానికి దాదాపు 500 రెట్లు. పైగా డి.ఎన్.ఏ. దూది కాదు, నొక్కితే నొక్కుకోవటానికి. బిరుసుగా ఉంటుంది, తనలో తాను వికర్షించుకుంటుంది. అయినా వైరస్ దానిని కూరుతుంది.

కూరేది ఎవరు? పెట్టె ముఖద్వారం దగ్గర టెర్మినేజ్ అనే ప్రోటీన్ యంత్రం బిగుసుకుంటుంది. అయిదు భాగాలు చక్రంలా కూడి, డి.ఎన్.ఏ. దారాన్ని లోపలికి నెడతాయి. ఆ యంత్రానికి ఇంధనం మన సుబ్బారావు గారి ఏ.టి.పి. ఒక్క ఏ.టి.పి. విరిగితే డి.ఎన్.ఏ. నిచ్చెనలో సుమారు రెండు మెట్లు లోపలికి పోతాయి. టి-4 తల నిండటానికి సుమారు 1,71,000 మెట్లు కావాలి. లెక్క వేయండి, ఒక్క వైరస్ తల నింపటానికి 85,000 పైచిలుకు ఏ.టి.పి. అణువులు ఖర్చు. యంత్రం వేగం సెకనుకు 2,000 మెట్ల దాకా పోతుందని 2007లో కొలిచారు. నాలుగైదు నిమిషాల్లో సరుకు ఎక్కించటం పూర్తి. మన రేవులో ఖనిజం ఎక్కించే బెల్టుకు ఇంత చురుకు ఎక్కడిది!

అయితే ఎక్కించటం సగం పనే. ఎక్కడ కొయ్యాలి అన్నది మిగతా సగం. బాక్టీరియా లోపల వైరస్ డి.ఎన్.ఏ. విడివిడి ముక్కలుగా తయారు కాదు. ఒకదాని తోకకు ఒకటి తగులుకుని పొడుగాటి తాడులా వస్తుంది. మన ఉక్కు కర్మాగారంలో కంటిన్యువస్ కాస్టింగ్ చూసినవాళ్ళకు ఇది వెంటనే తడుతుంది. కరిగిన ఉక్కు అచ్చులోంచి ఎడతెగని కడ్డీలా దిగుతుంది, కదులుతున్న కడ్డీతో పాటే గ్యాస్ మంట కదులుతూ దానిని కొలతకు కోస్తుంది. వైరస్‌కు కొలత చెప్పేది ఎవరు?

దీనికి వైరస్‌లు రెండు ఉపాయాలు పన్నాయి. లాంబ్డా అనే ఫేజ్ మన నేత పనివాడి పద్ధతి పాటిస్తుంది. ఒకే పడుగు మీద వరసగా చీరలు నేసి, చీరకూ చీరకూ మధ్య వదిలిన గుర్తు దగ్గర కోసినట్టు, తన డి.ఎన్.ఏ.లో కాస్ అనే గుర్తు వచ్చిన చోట కోస్తుంది. అందుచేత ప్రతి లాంబ్డాలోనూ సరిగ్గా 48,502 మెట్లు. టి-4 అలా కాదు. దాని పద్ధతి ఓడలో సరుకు ఎక్కించటం. ఓడ పక్కన గీసిన గీత దాకా నీరు వచ్చిందా, ఇక చాలు. తల నిండిందా, అక్కడ కొయ్యి. గుర్తుతో పని లేదు. టి-4 జన్యు సందేశం మొత్తం కలిపితే సుమారు 1,69,000 మెట్లే. తలలో పట్టేది అంతకు రెండు మూడు వేలు ఎక్కువ. కాబట్టి మొదట్లో ఉన్న భాగమే మళ్ళీ చివర కూడా కాస్త పడుతుంది. పైగా ఒక్కో వైరస్‌లో సందేశం ఒక్కో చోట మొదలవుతుంది, ఒకే పుస్తకాన్ని ఒకడు మొదటి పేజీ నుంచి, ఇంకొకడు మూడో పేజీ నుంచి బైండు చేసినట్టు. స్ట్రైసింజర్ బృందం 1967లో ఈ తల నిండుగా కొలిచే సూత్రాన్ని బలపరచింది.

ఇందులో ప్రమాదం చూడండి. నెట్టే ఇంజనూ, కోసే కత్తెరా రెండూ ఒకే ప్రోటీన్‌లో ఉన్నాయి. టి-4లో దాని పేరు జీపీ 17. ఒక కొసన ఏ.టి.పి.ని విరిచే భాగం, రెండో కొసన డి.ఎన్.ఏ.ను కోసే భాగం, మధ్యన మడత బందు వంటి అతుకు. సరుకు ఎక్కుతుండగా కత్తెర ఆడిందా, సగం సందేశంతో వైరస్ చచ్చిపుట్టినట్టే. నిండిన తరవాత ఆడకపోయిందా, తలకు తోక అతకదు. అంటే కత్తెర రెండే రెండుసార్లు ఆడాలి, మొదట ఒకసారి, చివర ఒకసారి. మధ్యలో లక్షా డెబ్బై వేల మెట్లు కత్తెర అంచునుంచే పోతున్నా నోరు కట్టుకుని కూర్చోవాలి.

ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యుడు వెనిగళ్ళ బి. రావు. ఇంటిపేరే ఊరు చెబుతుంది, మనవాడే. 1988లో లిండ్సే బ్లాక్‌తో కలిసి ఈ టెర్మినేజ్ ప్రోటీన్‌లను శుద్ధిచేసి, బాక్టీరియా బయట, గొట్టంలోనే డి.ఎన్.ఏ.ను తలల్లో కూరించి చూపాడు. తరవాత వాషింగ్టన్ నగరంలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో తన ప్రయోగశాలలో ఆ పనినే కొనసాగించాడు. మైఖేల్ రాస్‌మన్ బృందంతో కలిసి 2008లో జీపీ 17 ఆకారాన్ని బయటపెట్టారు. ఆ ప్రయోగశాల నుంచి 2011లో వచ్చిన పత్రం సరిగ్గా కత్తెర అదుపు గురించినదే. జీపీ 16 అనే చిన్న టెర్మినేజ్ ఒకటి ఉంది. అది ఏ.టి.పి. భాగాన్ని 50 రెట్లకు పైగా రెచ్చగొడుతుంది, కత్తెరనైతే ఏ.టి.పి. ఉన్నప్పుడు ఉసిగొల్పుతుంది, ఏ.టి.పి. లేనప్పుడు అణచిపెడుతుంది. ఇంజను భాగమూ కత్తెర భాగమూ అతుకు ద్వారా ఒకదాని సంగతి ఒకటి కనిపెట్టుకుని ఉంటాయి. ఒకే మనిషి ఎద్దును తోలుతూ రెండో చేత్తో కొడవలి ఒరలో పట్టుకున్నట్టు. తల నిండిన కబురు ముఖద్వారం ప్రోటీన్ ద్వారా అందుతుందని పి-22 వంటి ఇతర ఫేజ్‌లలో దొరికిన ఆధారాలు సూచిస్తాయి.

ఏ.టి.పి. విరిగినప్పుడల్లా ఒక ఫాస్ఫేట్ బయటపడుతుంది కదా. ఇటువంటి యంత్రం పనిచేసిందా లేదా తెలుసుకోవటానికి ఆ ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో రంగు తెప్పించి కొలవటం నేటికీ ఉన్న మార్గాలలో ఒకటి. ఇంధనమూ ఆయనదే, ఆ ఇంధనం ఖర్చు కొలిచే కొలబద్దకు మూలమూ ఆయనదే. అందుకే కదా సుబ్బారావు గారిని కేవలం మందుల మారాజు అంటే నాకు కోపం వచ్చేది.

ఆయన కథకు తిరిగి వద్దాం. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన కణాల్లోంచి వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌ల సంగతి అచ్చు కానేలేదు. ఫిస్క్ అసూయ చేత ఆపటంవల్ల, ఏళ్ళ తరవాత వేరేవాళ్ళు వాటిని మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని ఆయనతో కలిసి చదివిన జార్జి హిచింగ్స్ చెప్పాడు. ఆ హిచింగ్స్‌కే 1988లో నోబెల్ వచ్చింది. నోబెల్ రాలేదని ఏడ్చేవాళ్ళు దీనికి ఏడవాలి. బహుమానం రాకపోతే మనిషికి నష్టం, పత్రం అచ్చు కాకపోతే శాస్త్రానికి నష్టం.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, తరవాత అక్కడ పరిశోధనలకు అధిపతి అయ్యారు. అక్కడి విజయాలు అందరికీ తెలిసినవే. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు మందు దొరికింది, పాతికేళ్ళు ఆలస్యంగా. 1947లో బోదకాలు మందు హెట్రజాన్. మన కోస్తాలో బోదకాలు ఎంత పీడించిందో పెద్దవాళ్ళను అడగండి. ఇంటింటికీ వచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్రలు అవే. 1948లో డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ బయటికి వచ్చిందీ ఆ ప్రయోగశాల నుంచే.

వీటిలో ఫోలిక్ ఆమ్లం సంగతి మన డి.ఎన్.ఏ. కథకు దగ్గర. డి.ఎన్.ఏ. అక్షరాలు తయారు కావాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలి. దానికి అడ్డుపడే నకిలీ అణువు అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి బృందం తయారుచేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ పిల్లలకు వాడాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా జబ్బు నెమ్మదించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. అంతకు ముందు ఆ పిల్లల విషయంలో వైద్యుడు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ మందు తమ్ముడే మెథోట్రెక్సేట్. అది అడ్డుకునే ఎంజైమును టి-4 ఫేజ్ తన సొంతానికి వేరే తయారుచేసుకుంటుంది! డి.ఎన్.ఏ. సరుకు తయారీలోనూ, దానిని ఓడ ఎక్కించటంలోనూ రెండు చోట్లా ఈ భీమవరం మనిషి అడుగుజాడ ఉంది.

1945 వేసవి నుంచి లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మాక్స్ డెల్బ్రూక్ ఫేజ్ పాఠాలు నడుపుతున్నాడు. టి-1 నుంచి టి-7 దాకా ఏడు వైరస్‌ల మీదే అందరూ పనిచేయాలని వాళ్ళు కట్టుబాటు పెట్టుకున్నారు. టి-4 అందులోదే. పెర్ల్ రివర్ నుంచి అది మహా అయితే ఒక పూట ప్రయాణం. 1952లో అక్కడే హెర్షీ, చేజ్‌లు బాక్టీరియా లోపలికి పోయేది ఫేజ్ డి.ఎన్.ఏ. అనీ, ప్రోటీన్ పెంకు బయటే ఉండిపోతుందనీ తేల్చారు. సుబ్బారావు గారు దాకా ఉండలేదు. 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయస్సు 53.

1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ బిళ్ళ విడుదల చేసింది. ఓడెక్కిన భర్తను శేషగిరి గారు మళ్ళీ చూడలేదు. వాళ్ళకు కలిగిన ఒక్క కొడుకు పసితనంలోనే పోయాడు. సైన్స్ పత్రికలో 1929 అక్టోబరులో వచ్చిన ఏ.టి.పి. వ్యాసం రెండు పేజీలది. మన గ్రంథాలయాల్లో పాత సంపుటాలు దొరికేచోట ఎవరైనా తీసి చూడవచ్చు. శీర్షికలో కండరమూ, కాలేయమూ అని మాత్రమే ఉంటుంది.